కయ్య, చౌడు, గుంట: అల్లూరు తీరంలో భూవినియోగ మార్పు – ఒక చారిత్రక పరిశీలన

నెల్లూరు జిల్లా అల్లూరు నుంచి తూర్పుగా సముద్రం వైపు సాగే దారి కొద్ది కిలోమీటర్లలోనే నాలుగైదు రకాల నేలలను దాటుతుంది. అల్లూరు చుట్టూ ఉన్నది పెన్నా నీటితో పండే మాగాణి. కనిగిరి జలాశయం కాలువలు అందించే ఆయకట్టులో ఇది చివరి భాగాల్లో ఒకటి. మాగాణి దాటిన కొద్దీ నేల ఉప్పదనానికి తిరుగుతుంది. ఆ పైన బకింగ్‌హాం కాలువ, ఇసకపల్లి ఉప్పుకొఠారులు, సరుగుడు తోపులు, ఇసకదిబ్బలు, పట్టపువారి పాళెం, చివరకు సముద్రం. ఈ వరుసలో ప్రతి పట్టీకి స్థానిక వ్యవహారంలో ఒక పేరు ఉంది. వరి పండే మడిని కయ్య అంటారు. ఉప్పు పొంగి పైరు నిలవని నేల చౌడు. ఎవరి సొంతమూ కాక ఊరందరూ వాడుకొనేది పోరంబోకు. 1990 దశకంలో వీటన్నింటి మధ్యకూ ఒక పాత మాట కొత్త అర్థంతో వచ్చి చేరింది. అది గుంట.

రొయ్యలు పెంచే నీటి మడిని గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఎక్కువగా చెరువు అంటారు. నెల్లూరు తీరంలో అది రొయ్యల గుంట. ఈ భేదం యాదృచ్ఛికం కావచ్చు. అయితే నెల్లూరు ప్రాంతంలో చెరువు అనే మాటకు ఉన్న బరువు వేరు. చెరువు అంటే తూము, కలుజు, ఆయకట్టు, నీటి వంతులు. అది పదిమందిదీ. గుంట తవ్వుకొన్నవాడిది. కొత్త వ్యాపారాన్ని ఈ రెండో మాటతో పిలవడంలో, అది సమష్టి నీటి వ్యవస్థలో భాగం కాదన్న ఎరుక జనవ్యవహారంలో మొదటి నుంచీ ఉన్నదని ఊహించడానికి ఆస్కారం ఉంది.

కయ్యనో చౌడునో గుంటగా మార్చుకోవచ్చునా అన్న ప్రశ్న పైకి చిన్నది. ఒక భూయజమాని, ఒక సర్వే నంబరు, ఒక అనుమతి. కాని గత మూడు దశాబ్దాల్లో ఈ ప్రశ్నను కేంద్ర ప్రభుత్వ ప్రకటన ఒకటి, సర్వోన్నత న్యాయస్థానం తీర్పు ఒకటి, పార్లమెంటు శాసనం ఒకటి వరుసగా విచారించాయి. ఒకదాని సమాధానం మరొకదానితో పొసగలేదు. ప్రకటనా శాసనమూ ప్రధానంగా సముద్రం నుంచి దూరాన్ని కొలిచాయి. స్థానిక భాష కొలిచేది నీటి స్వభావాన్ని. ఈ రెండు కొలతల మధ్య ఎడం అల్లూరు వంటి తీరగ్రామాల చరిత్రలో ఎంత పని చేసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉప్పు నుంచి రొయ్య దాకా

తీరభూమిని వ్యాపారానికి వాడుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మద్రాసు ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ 1805లో ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం నెలకొల్పింది. అప్పటి నుంచి ఉప్పు ఎక్కడ పండించాలి, ఎవరు పండించాలి, ఎవరికి అమ్మాలి అన్నవన్నీ సర్కారు నిర్ణయాలయ్యాయి. ఆ పెత్తనాన్ని జాతీయోద్యమం ఎంతగా ప్రతిఘటించిందో తెలిసిందే. దాని అన్యాయం దానిదే అయినా, ఆ పద్ధతిలో ఒక లక్షణాన్ని గమనించాలి. ఉప్పుమడి ఒక నిర్ణీత స్థలంలో, ఒక నిర్ణీత హద్దులో ఉండేది. పైగా అది అప్పటికే ఉప్పదైన నేల మీద, ఆటుపోటుల నీటితో, ఎండాకాలంలో సాగేది. పక్కనున్న కయ్యను అది పెద్దగా కదిలించలేదు.

రొయ్యల గుంట పని తీరు ఇందుకు భిన్నం. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ 1972లో ఏర్పడింది. 1980 దశకం చివరికి టైగర్ రొయ్యకు విదేశాల్లో, ముఖ్యంగా జపానులో, గిరాకీ పెరిగింది. 1991 నాటి ఆర్థిక సంస్కరణలతో ఎగుమతికి ప్రోత్సాహం, ప్రైవేటు పెట్టుబడి ఒకేసారి అందివచ్చాయి. నెల్లూరు తీరం ఇందుకు అన్ని విధాలా అనుకూలం. ఉప్పుటేళ్లు, బకింగ్‌హాం కాలువ ఉప్పునీటిని లోపలి వరకు తెస్తాయి. భూమి ధర తక్కువ. మద్రాసు రేవు దగ్గర. కొద్ది ఏళ్లలోనే నెల్లూరు జిల్లా దేశంలో రొయ్యల సాగుకు పేరుమోసిన ప్రాంతమైంది.

గుంట ఏడాది పొడుగునా ఉప్పునీటిని నిలిపి ఉంచుతుంది. ఒక పంట సుమారు నాలుగు నెలలు. ఆ కాలమంతా నీటిని తోడి నింపుతూ, పాత నీటిని బయటికి వదులుతూ ఉండాలి. వదిలిన నీటిలో తినగా మిగిలిన మేత, రొయ్యల విసర్జన, మందుల అవశేషాలు ఉంటాయి. ఆ నీరు పోయేది పొలాల మురుగు దిగే కాలువల్లోకే. నిలిచిన ఉప్పునీరు గట్టు కింద నుంచి పక్క కయ్యలోకీ, భూగర్భజలంలోకీ ఊరుతుంది. అందువల్ల గుంట పెట్టాలన్న నిర్ణయం తీసుకొనేది ఒక రైతే అయినా, దాని ఫలితం ఆ రైతు హద్దురాళ్ల దగ్గర ఆగదు. ఉప్పుమడికీ రొయ్యల గుంటకూ మధ్య ఈ తేడాను చట్టం గుర్తించిందా అన్నదే అసలు చర్చ.

ఇందులో రైతును మాత్రమే తప్పుపట్టే వాదన నిలవదు. ఆయకట్టు చివరి భూములకు నీరు ఆలస్యంగా, కొరతగా అందడం డెల్టా వ్యవసాయంలో పాత సమస్య. మొలగొలుకులు వంటి మేలురకం వడ్లకు పేరుపడిన జిల్లాలోనే, కాలువ చివరన ఉన్నవారికి వరి గిట్టుబాటు కాని సంవత్సరాలు ఉన్నాయి. అటువంటి కయ్యను ఏడాది కౌలుకు ఇస్తే వరి మీద వచ్చే ఆదాయానికి మించిన రొక్కం ముందుగానే చేతికి వచ్చేది. తీరంలో పేదలకు పంచిన డీకేటీ భూముల సంగతి మరింత చిక్కు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం అమ్మకం మాత్రమే కాదు, కౌలు కూడా బదిలీయే. కనుక అటువంటి భూమిలో కౌలు మీద వెలసిన గుంట కాగితం మీద కనబడే వీలు లేదు. అడంగల్‌లో వరి, నేల మీద రొయ్య. భూవినియోగ మార్పుకు అనుమతి అడిగే సందర్భమే రాకుండా మార్పు జరిగిపోయే మార్గాల్లో ఇది ఒకటి.

ప్రకటన చెప్పినదీ, చెప్పనిదీ

1991 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద తీరప్రాంత నియంత్రణ మండలిని, వాడుకలో సీఆర్‌జెడ్‌ను, ప్రకటించింది. పోటు నీటి గీత నుంచి భూమి వైపు 500 మీటర్ల వరకు ఉన్న ప్రాంతం దీని పరిధిలోకి వచ్చింది. సముద్రమే కాక ఆటుపోటుల ప్రభావం ఉండే ఉప్పుటేళ్లు, నదీముఖాలు, వెనుకజలాల ఒడ్డు కూడా అందులో చేరింది. గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లు అభివృద్ధి నిషిద్ధ ప్రాంతం. అక్కడ అనుమతించదగిన వినియోగాల జాబితా ఒకటి ప్రకటనలో ఉంది. వ్యవసాయం, తోటలు, పచ్చికబయళ్లు, ఉద్యానాలు, ఆటస్థలాలు, అడవుల పెంపకం, సముద్రజలంతో ఉప్పు తయారీ అందులోనివి. ఇసకపల్లి ఉప్పుకొఠారులకు ఆ విధంగా చోటు దక్కింది. రొయ్యల గుంట ప్రస్తావన ఈ జాబితాలో లేదు.

నిషేధాల జాబితాలోనూ గుంట పేరు లేదు. చేపల శుద్ధి కర్మాగారాలను, గిడ్డంగులను నిషేధించిన చోట హేచరీలకూ, అనుమతించిన స్థలాల్లో చేపలను ఎండబెట్టడానికీ మినహాయింపు ఇచ్చారు. రొయ్య పిల్లను పుట్టించే చోటు గురించి, పట్టిన చేపను శుద్ధి చేసే చోటు గురించి ఆలోచించిన ప్రకటన, మధ్యలో రొయ్య పెరిగే చోటును పేరు పెట్టి చెప్పలేదు. ఈ మౌనం వల్ల భారమంతా నిషేధాల్లోని మొదటి అంశం మీద పడింది. తీరప్రాంతంలో కొత్త పరిశ్రమలు పెట్టరాదు, ఉన్నవాటిని విస్తరించరాదు. నీటి అంచుతో ప్రత్యక్ష సంబంధం ఉన్నవి, తీరసౌకర్యం ప్రత్యక్షంగా అవసరమైనవి మాత్రం మినహాయింపు. ఇదీ ఆ అంశం సారం. రొయ్యల సాగు వ్యవసాయమైతే దానికి ఈ నిషేధం వర్తించదు. పరిశ్రమ అయితే, దానికి తీరం ప్రత్యక్షంగా అవసరమా అన్నది తేలాలి. వేలాది ఎకరాల భవితవ్యం ఆ ‘ప్రత్యక్షంగా’ అనే క్రియావిశేషణం మీద ఆధారపడింది.

ప్రకటన వెలువడిన ఏడాదిలోగా రాష్ట్రాలు తమ తీరప్రాంత నిర్వహణ ప్రణాళికలు సిద్ధం చేయాలి. ఏ గ్రామంలో ఏ భాగం ఏ తరగతిలోకి వస్తుందో చెప్పవలసినవి ఆ ప్రణాళికలే. అవి గడువులోగా రాలేదు. 1996 ఏప్రిల్ 18న పర్యావరణ న్యాయ కార్యాచరణ మండలి వేసిన వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం ఈ జాప్యాన్ని తప్పుపట్టింది. నదులు, ఉప్పుటేళ్ల ఒడ్డున హద్దును 50 మీటర్లకు కుదించిన 1994 నాటి సవరణనూ, ఇష్టానుసారం సడలింపులిచ్చే అధికారాన్నీ కొట్టివేసింది. నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు శరవేగంగా విస్తరించిన కాలం సరిగ్గా ఈ అయిదేళ్లే. అంటే నియమం ఉన్నది, దాన్ని నేల మీద గుర్తించే పటం లేదు.

ఇదే కాలంలో ప్రకృతి కూడా జోక్యం చేసుకొంది. 1994 చివరి నుంచి తెల్లమచ్చ వైరస్ తూర్పుతీరపు గుంటల్లోకి పాకింది. నెల్లూరు జిల్లా దెబ్బతిన్న తొలి ప్రాంతాల్లో ఒకటి. అప్పు తెచ్చి గుంట వేసినవారు నష్టపోయారు, కొన్ని గుంటలు పాడుబడ్డాయి. పాడుబడిన గుంట తిరిగి వెంటనే కయ్య కాలేదు. నిలిచి ఇంకిన ఉప్పు తొలగాలంటే మంచినీటితో పదేపదే కడగాలి. ఆయకట్టు చివరన కొరత ఆ మంచినీటికే.

1996 డిసెంబరు తీర్పు

తమిళనాడులో భూదాన, గ్రామస్వరాజ్య ఉద్యమాల్లో పనిచేసిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ 1994లో సర్వోన్నత న్యాయస్థానంలో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. తంజావూరు డెల్టా వరిపొలాలు రొయ్యల గుంటలవుతున్న తీరు ఆయనను కదిలించింది. వ్యాజ్యం మాత్రం దేశంలోని తీరరాష్ట్రాలన్నింటికీ సంబంధించినదైంది. న్యాయస్థానం ఆదేశం మేరకు నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ, అంటే నీరీ, ఆంధ్ర, తమిళనాడు తీరాలను పరిశీలించి నివేదికలిచ్చింది. తాగునీటి బావులు ఉప్పబడటం, మడ అడవులు తరగడం, జాలరులకు సముద్రపు ఒడ్డుకు దారి మూసుకుపోవడం, వరిపొలాలు చౌడుబారడం ఆ నివేదికల్లో నమోదయ్యాయి. రొయ్యల ఆదాయం కంటే పర్యావరణానికీ ఇతర జీవనోపాధులకూ కలిగే నష్టం ఎక్కువని ఆ సంస్థ లెక్కకట్టింది.

1996 డిసెంబరు 11న న్యాయమూర్తులు కుల్‌దీప్ సింగ్, ఎస్. సాగిర్ అహ్మద్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. విస్తృత, అర్ధసాంద్ర, సాంద్ర పద్ధతుల్లో సాగే వాణిజ్య రొయ్యల పెంపకం పరిశ్రమే అని మొదట నిర్ధారించింది. తీరసౌకర్యం దానికి ప్రత్యక్షంగా అవసరం కాదని తరువాత తేల్చింది. రొయ్యకు కావలసింది ఉప్పునీరే తప్ప సముద్రపుటొడ్డు కాదన్నది ఈ తర్కం ఆంతర్యం. కనుక సీఆర్‌జెడ్‌లోని గుంటలన్నీ 1997 మార్చి 31లోగా తొలగించాలి. సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతుల గుంటలకు మాత్రం మినహాయింపు. చిలకా, పులికాటు సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల వరకు గుంటలు ఉండరాదు. ఉపాధి కోల్పోయే కార్మికులకు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం వచ్చే పరిహారానికి అదనంగా ఆరేళ్ల వేతనం చెల్లించాలి. నష్టపోయిన రైతులకూ, పర్యావరణ పునరుద్ధరణకూ కాలుష్యకారకులే మూల్యం చెల్లించాలి. పర్యవేక్షణకు ఒక ప్రాధికార సంస్థ ఏర్పడాలి.

ఈ తీర్పులో రెండు భిన్నమైన కొలతలు ఉన్నాయి. మొదటిది మీటర్లలో చెప్పినది. రెండవది నేల రకాన్ని బట్టి చెప్పినది: వ్యవసాయ భూములు, ఉప్పుమడులు, మడ అడవులు, చిత్తడి నేలలు, అటవీ భూములు, గ్రామ ఉమ్మడి భూములు రొయ్యల గుంటలుగా మార్చరాదు. ఈ రెండవ నిర్దేశానికి సముద్రం నుంచి దూరంతో నిమిత్తం లేదు. కయ్య ఎక్కడున్నా కయ్యే, పోరంబోకు ఎక్కడున్నా ఊరిదే. అల్లూరు వంటి చోట, ఆయకట్టులో చాలా భాగం 500 మీటర్ల గీతకు బాగా పడమరగా ఉన్న చోట, వరిరైతుకు నిజంగా పనికివచ్చే రక్షణ ఈ రెండవదే. ఉప్పునీరు మురుగుకాలువల వెంట ఎంత లోపలికి వెళ్తుందో 500 మీటర్ల గీతకు తెలియదు. గట్టు కింద తేమ ఎటు కదులుతుందో కూడా దానికి తెలియదు. కాలువ చివరి కయ్యల రైతుకు తెలుసు. చౌడు, ఒండ్రు, ఇసక వంటి నేలపేర్లలో నిక్షిప్తమై ఉన్నది ఆ తెలివిడే.

పట్టపుపాళేల జాలరుల ప్రయోజనం మాత్రం మొదటి కొలతతో ముడిపడి ఉంది. పడవ నిలిపే చోటు, వల ఆరబెట్టే చోటు, ఒడ్డుకు చేరే దారి, ఇవన్నీ గీతకు లోపలివే. అయితే అదే పాళేల్లో కొందరు ఉప్పుటేళ్లలో సహజంగా దొరికే రొయ్యపిల్లలను ఏరి గుంటలకు అమ్ముకొన్నారు, కొందరు గుంటల కాపలాకు కుదిరారు. కనుక తీర్పును తీరగ్రామం మొత్తం ఒకే గొంతుతో స్వాగతించిందని గాని, వ్యతిరేకించిందని గాని చెప్పడం సరికాదు. ఆరేళ్ల వేతనం చెల్లించాలన్న ఆదేశం ఈ చిక్కును న్యాయమూర్తులు కూడా గుర్తించారనడానికి సాక్ష్యం.

వెనుకటి తేదీతో వచ్చిన అనుమతి

తీర్పు వెలువడ్డాక సమీక్ష కోరుతూ అభ్యర్థనలు దాఖలయ్యాయి. 1997లో కూల్చివేతల అమలు నిలిచిపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది. పార్లమెంటులో ఒక బిల్లు ప్రవేశపెట్టారు, అది ఏళ్ల తరబడి నానింది. చివరకు 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ ఏటి 24వ చట్టం అది. ప్రధాన కార్యాలయం చెన్నై.

ఈ చట్టంలో 27వ విభాగం చదివినవారికి శాసన రచనలో కాలం ఎంత సాగే వస్తువో తెలుస్తుంది. 1991 నాటి ప్రకటనలోని నిషేధాలు తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు వర్తించవన్న వాక్యాన్ని ఆ ప్రకటనలో చేర్చారు. ఆ వాక్యం 1991 ఫిబ్రవరి 19 నుంచే అక్కడ ఉన్నట్లు భావించాలని కూడా చెప్పారు. ఆ విధంగా ప్రకటన నాటి మౌనం పద్నాలుగేళ్ల తరువాత వెనుకటి తేదీతో మాటగా మారింది. 1996 తీర్పు ‘ప్రత్యక్షంగా’ అన్న మాట మీద నిర్మించిన తర్కానికి ఆధారమే తొలగింది. తీర్పు తప్పని పార్లమెంటు అనలేదు, ఆ తీర్పు వ్యాఖ్యానించిన పాఠాన్నే మార్చింది. ప్రాచీన కావ్యాలకు పాఠపరిష్కరణ చేసేవారు ప్రక్షిప్తాన్ని గుర్తించి బయట పెడతారు. ఇక్కడ ప్రక్షిప్తమే మూలపాఠమని శాసనం నిర్దేశించింది.

దూరం పూర్తిగా పోలేదు. 13వ విభాగం పోటు గీత నుంచి 200 మీటర్లలోపు, సీఆర్‌జెడ్ పరిధిలోని ఉప్పుటేళ్లలో, నదుల్లో, వెనుకజలాల్లో ఆక్వాకల్చర్‌కు అనుమతి ఇవ్వరాదంది. చట్టం వచ్చేనాటికే ఉన్న గుంటలకు మినహాయింపు ఇచ్చింది. 500 కాస్తా 200 అయింది. అంటే 1991లో ఉప్పుమడికి చోటిచ్చిన పట్టీ మాత్రమే గుంటకు నిషిద్ధంగా మిగిలి, దాని వెనుకనున్నదంతా తెరుచుకొంది. 2009 నుంచి వనామి రొయ్యకు అనుమతి లభించడంతో తెల్లమచ్చ తరువాత చల్లబడిన సాగు మళ్లీ ఊపందుకొంది. 2023 నాటి సవరణ హేచరీల వంటి అనుబంధ కార్యకలాపాలను కూడా చట్టపరిధిలోకి తెచ్చి, ఉల్లంఘనకు జైలుశిక్ష బదులు జరిమానాలు పెట్టింది.

తీర్పులోని రెండవ కొలత, అంటే నేల రకాన్ని బట్టి విధించిన నిషేధం, అథారిటీ మార్గదర్శకాల్లో బతికింది. వ్యవసాయ భూములను, ఉప్పుమడులను, మడ అడవులను రొయ్యల సాగుకు మార్చరాదని అవి చెబుతాయి. నివాసాలకూ తాగునీటి వనరులకూ ఇంత దూరం ఉండాలనీ చెబుతాయి. దరఖాస్తు జిల్లా కలెక్టరు అధ్యక్షత వహించే సంఘం ముందుకు వస్తుంది. ఆ సంఘం ముందున్న ప్రశ్న 1990లలో ఉన్న ప్రశ్నే: ఈ సర్వే నంబరులో ఉన్నది వ్యవసాయ భూమియా, సాగుకు పనికిరాని ఉప్పునేలయా?

జవాబు వెతకవలసింది రెవెన్యూ దస్తరంలో, నేల మీద. నేల మీద చూస్తే, మొదటి గుంట పక్కనున్న కయ్య ఈ సరికి ఉప్పు పొంగి, రెండు మూడు కార్లు నాట్లు లేక, బీడుగా పడి ఉంటుంది. దాని యజమాని గుంటకు వ్యతిరేకంగా అర్జీ పెట్టిన రైతే కావచ్చు. పరిశీలనకు వచ్చిన అధికారి చూసిన మేరకు రాస్తే అది చౌడు. చౌడు అని రాసిన నేల మార్గదర్శకాల లెక్కలో వ్యవసాయ భూమి కాదు, కనుక మార్చవచ్చు. అది గుంటగా మారితే ఉప్పు దాని అవతలి కయ్యకు చేరుతుంది. కాని చౌడు అనే మాట జనవ్యవహారంలో నేల పుట్టుకను మాత్రమే చెప్పదు. ‘చౌడుబారింది’ అన్న క్రియ కూడా భాషలో ఉంది. ఒక నేల ఎప్పటి నుంచి, ఎందువల్ల ఆ స్థితికి వచ్చిందన్న ప్రశ్న ఆ క్రియలోనే ఉంది. నేల వివరం రాసే గడిలో పట్టేది నామవాచకం ఒక్కటే.